డాక్టరమ్మ మొహం

బస్సు ఆసుపత్రి వరండాలోంచే వెళుతోంది, అయినా ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. కిటికీ అవతల మందుల గది, రక్తం తీసే గది, నిరుపమ ఉద్యోగమంతా గడిచిన ప్రయోగశాల ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జరిగిపోతుంటే, మధ్యలో ఎక్కణ్ణుంచో ఉప్పుగాలి కొడుతోంది, అది చీరాల దాటాక వచ్చే గాలి. తెల్లకోటుతో కిటికీ పక్కన కూర్చున్న నిరుపమ, ఈ బస్సు ఎక్కడికని అడగాలనుకుంటూనే అడగకుండా ఊరుకుంటోంది, ఎందుకంటే ముందు నుంచి జనాన్ని సర్దుకుంటూ వస్తున్న కండక్టరు సామ్రాజ్యం. సామ్రాజ్యం చనిపోయి రెండేళ్ళు దాటింది.

"జరగండయ్యా, లోపలికి జరగండి. ఇదేమన్నా మీ అత్తగారిల్లా, గుమ్మంలో నిలబడి మర్యాదలు చేయించుకోవటానికి?"

ఆమె దేన్నీ పట్టుకోకుండా నడుస్తోంది. బస్సు ఒక్కసారిగా మలుపు తిరిగినా అడుగు చెదరదు. నిరుపమ కళ్ళు అలవాటు కొద్దీ ఆ కాళ్ళ మీదే ఉన్నాయి. డ్యూటీలో ఉండగా ఈ కాళ్ళే తడబడటం మొదలుపెడితే జనం తాగి వచ్చిందన్నారు, ఎంత మాట పడితే అంత మాట అన్నారు. తల్లికీ అన్నకీ కూడా అదే తడబాటు ఉందని, అది వంశంలో దిగివస్తున్న జబ్బని, చిన్నమెదడులో కణాలు ఒక్కొక్కటే చచ్చిపోవడం వల్ల వస్తుందని తేల్చింది డాక్టర్ నిరుపమ. ఆ కుటుంబపు జన్యువులో తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. మందు మాత్రం ఇంకా దొరకలేదు.

"కాళ్ళు చూసింది చాలమ్మా, కాస్త జరిగితే నేనూ కూర్చుంటా," అంటూ సామ్రాజ్యం పక్కన కూలబడుతుంది. "అవునూ, నా మోచేతి కాడ తోలుముక్క కోసుకున్నారు గదా, అదేం జేశారు?"

"ఉంది సామ్రాజ్యం. దాన్నుంచి మెదడు కణాలు పెంచాం. నువ్వు పోయినా అవి బతికే ఉన్నాయి. రోజు విడిచి రోజు వాటికి తిండి మారుస్తాం."

"నేను పోయినా అయ్యి ఉన్నయ్యా! ఏం పెడతన్నారేంటి?"

"ఎర్రటి నీళ్ళు. అందులో కాస్త చక్కెర, ఏవో ఉప్పులు."

"అట్టా పెడితే ఎవురికి బలం వస్తది? ఓసారి చేపలపులుసు పోసి చూడండి, ఎట్టా పెరగవో నేనూ చూస్తా."

నిరుపమ నవ్వుతుంది. "మందు ఇంకా రాలేదు సామ్రాజ్యం. వచ్చేసిందనుకున్న ప్రతిసారీ చేతికందకుండా పోతోంది. నీకు మొహం చూపించలేక..."

"నేనడగలా. మీరే చెప్తన్నారు," అంటూ సామ్రాజ్యం ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంటుంది. "మందు సంగతి మీరు చూసుకుంటారు. నేను పిల్ల కోసం వచ్చా."

ఈ మాట వస్తుందని నిరుపమకు తెలుసు, బస్సెక్కినప్పటి నుంచీ దీనికే భయపడుతోంది. సామ్రాజ్యం ఒక్కగానొక్క కూతురు ప్రవల్లిక. పోయినేడు తనంతట తనే వచ్చి పరీక్షకు రక్తం ఇచ్చింది, ఇచ్చాక చెయ్యి చాపి, "నేనడిగేదాకా చెప్పొద్దు మేడం. మాటివ్వండి," అంది. నిరుపమ ఆ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. ఫలితం వచ్చింది. ఆ తప్పు ప్రవల్లికలో లేదు, ఆమెకు పుట్టబోయే పిల్లలకూ రాదు. అది చూసిన రోజు నిరుపమ గది తలుపేసుకుని పసిపిల్లలా ఏడ్చింది. ప్రవల్లిక మాత్రం జబ్బుతో ఉన్న మేనమామను వెంటబెట్టుకుని నెలనెలా వస్తూనే ఉంది, ఒక్కసారీ అడగలేదు.

"నీకైనా చెప్పేస్తాను సామ్రాజ్యం," అంటుంది నిరుపమ, మాట తన్నుకొస్తుంటే. "లోపల దాచుకోలేక చచ్చిపోతున్నాను."

"నాకు చెప్పమాకండి!" సామ్రాజ్యం ఆమె నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది. "అది అడగంది నేనెట్టా అడుగుతా? మాటిచ్చింది దానికి గదా." ఆ చెయ్యి తియ్యకుండానే నెమ్మదిగా అంటుంది, "అది గోడ పట్టుకుని నడుస్తందమ్మా. చూశారా?"

నిరుపమ చూడలేదు.

"ఎట్టా చూస్తారు, దాని వంక చూస్తేగదా! స్కూటరు పక్కింటోళ్ళకిచ్చేసింది. పాపం ఆ పిల్లగాడు, దానికోసం ఇన్నాళ్ళు కాసుక్కూర్చున్నోడు, నాకోసం ఆగొద్దని వాడికీ చెప్పేసింది. కాలు కొంచెం మెలిక పడితే చాలు, మొదలైందనుకుంటంది."

"ఎందుకు? నేనేమీ చెప్పలేదే! ఒక్క ముక్క కూడా నోరు జారలేదు!"

"అదేనమ్మా వచ్చిన చిక్కు. ఇంతకుముందైతే అదొస్తే వాగించేవాళ్ళు, చిక్కిపోయావేంటే అని తిట్టేవాళ్ళు. రక్తమిచ్చిన కాడ్నుంచి మీరు కంప్యూటర్లోకి చూస్తానే మాట్లాడతన్నారు. డాక్టరు మొహం తిప్పుకుంటే మాలాంటోళ్ళకి ఇంకేం చెప్పాల?"

నిరుపమ మొహం తిప్పుకున్నది సంతోషం దాచుకోవడానికి. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తే అంతా బయటపడిపోతుందని, ఇచ్చిన మాట నీళ్ళపాలవుతుందని తిప్పుకుంది.

"నవ్వితే చెప్పినట్టే కదా సామ్రాజ్యం?"

"నవ్వకపోతే చెప్పినట్టు కాలా?"

బస్సు ఎప్పుడాగిందో తెలియదు, ఆగినా కిటికీలో దారి మాత్రం కదులుతూనే ఉంది. అప్పుడు నిరుపమకు మిగతా సీట్లలో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. అందరూ ఆమెకు రక్తం ఇచ్చినవాళ్ళే, వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఒళ్ళో పసిపిల్లలు. అందరూ ఇటే చూస్తున్నారు.

"నీకు తెలియదు," అంటుంది నిరుపమ గొంతు తగ్గించి. "జబ్బు లేనివాళ్ళను చూసి నేను నవ్వితే, నేను నవ్వనివాళ్ళందరికీ జబ్బు ఉందని చెప్పేసినట్టే. అందుకే ఎవరొచ్చినా ఒక్కటే మొహం పెడతాను. ఎంత కష్టపడి నేర్చుకున్నానో నీకేం తెలుసు?"

"ఆ మొహం నేను చూడలేదనుకుంటన్నారా? ఆముదం తాగినట్టుంటది. అది పెట్టారంటే జబ్బులేనోడు కూడా ఇంటికెళ్ళి మంచమెక్కుతాడు." సామ్రాజ్యం పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆపేస్తుంది. "మీరు నవ్వేది జబ్బు లేదనా అమ్మా? ఉన్నోళ్ళకి నవ్వు అక్కర్లేదా?"

నిరుపమ చూపు మళ్ళీ ఆ సీట్లలో ఉన్నవాళ్ళ మీదికి పోతుంది.

"నాకుందని చెప్పిన రోజు గుర్తుందా? చెప్పేసి, నా రెండు చేతులూ పట్టుకుని, నీ నోరు మాత్రం ఏ జబ్బుకీ లొంగదులేవే అని నవ్వారు. నాకు ఏడుపొస్తంటే నవ్వొచ్చింది. మంచంలో పడ్డాక కూడా ఆ నవ్వు తలుచుకుని లాక్కొచ్చా. అప్పటికింకా మీకు ఈ మొహం రాలా. అందరికీ ఒకటే పెట్టాలంటే ఆ నవ్వే పెట్టొచ్చుగా? లేనోడికీ అదే, ఉన్నోడికీ అదే. ఎవుడు కనిపెడతాడు?"

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా తనకెందుకు తట్టలేదో నిరుపమకు అర్థం కాదు. తను కణాలను చూసినంతసేపు మనుషుల్ని చూడలేదేమో అనిపిస్తుంది, అనిపించగానే కళ్ళ నిండా నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళలో బస్సంతా అలికినట్టయి, సామ్రాజ్యం ఒక్కతే స్పష్టంగా ఉంది.

"ఇటు తిరగండి," అంటుంది సామ్రాజ్యం. గడ్డం కింద వేలు పెట్టి నిరుపమ మొహం తన వైపు తిప్పుకుంటుంది. నిరుపమ ఏమీ చెప్పదు. మొహం మీదికొస్తున్న నవ్వును మాత్రం దాచుకోదు, దాచుకునే ఓపిక ఇంక లేదు. సామ్రాజ్యం ఆ మొహాన్ని చూస్తుంది, చాలాసేపు చూస్తుంది, ముందు కళ్ళూ తర్వాత పెదవులూ తర్వాత మళ్ళీ కళ్ళూ చూసి, పమిట చెంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిపోయేలా ఏడుస్తుంది.

"నేనేం చెప్పలేదు," అంటుంది నిరుపమ.

"నేనేం వినలా," అంటుంది సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుంటూ. లేచి నిలబడి, గొంతెత్తి, "హోల్డాన్!" అని బస్సదిరేలా ఒక్క కేక వేస్తుంది. "దిగండి దిగండి, మీ స్టాపొచ్చింది."

నిరుపమ కళ్ళు తెరిచింది. భోజనం చేసి కుర్చీలో అలాగే వాలిపోయినట్టుంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది. గుమ్మంలో ప్రవల్లిక, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎదురుచూస్తోంది.

"నిద్ర చెడగొట్టానా మేడం? మామయ్యని వ్యాయామం గదిలో కూర్చోబెట్టి వచ్చాను. బలానికి మందులు రాస్తారని..."

నిరుపమ చెయ్యి తనంతట తనే కంప్యూటరు మీదకు వెళ్ళింది. వెళ్ళిన చేతిని వెనక్కి లాక్కుని, ఆమె తలెత్తి ఆ పిల్లను చూసింది. ఏడాదిలో ఎంత చిక్కిపోయింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి, పాతికేళ్ళు నిండని మనిషి గుమ్మం దాటడానికి నేలను చూసుకుంటోంది.

ప్రవల్లిక తలెత్తింది. తనను చూస్తున్న కళ్ళలోకి తనూ చూసింది.

"మేడం... ఎందుకు నవ్వుతున్నారు?"

నిరుపమ బుగ్గ తడుముకుంది. నిజమే. కలలోంచి లేచొచ్చినా ఆ నవ్వు పోలేదు, మొహం మీద అలాగే ఉంది.

"మీ మామయ్యొచ్చినా ఇలాగే నవ్వుతాను. ఇక అందరికీ ఇంతే," అంది. "నీకేమన్నా తెలుసుకోవాలనుంటే నువ్వే అడగాలి. మాటిచ్చాను కదా."

ప్రవల్లిక గోడ మీంచి చెయ్యి తీసింది. తర్వాత లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అడుగుతున్నాను మేడం," అంది.