కాలు పెట్టి చూసుకున్నాకే

మైనం పట్టించిన దారాన్ని పళ్ళబిగువున లాగి ముడి వేశాడు బూట్ల మేస్త్రీ. కుడి మడమను ఎదురుగా ఉన్న ఇనప దిమ్మ మీదికి చాచి, అరచెయ్యి మోకాలి మీద ఆనించి కిందికి నొక్కాడు. నొప్పి తొడలోంచి నడుం దాకా పాకింది. మోకాలు మాత్రం నిటారు కాలేదు. ఒక జత బూట్లు పూర్తయి ఇంకో జత అందుకునే లోపల ఇలా నొక్కడం ఆయనకు రోజూ ఉన్నదే. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండివాడికి భయం ఉండదని మాత్రం ఎవరూ అనలేదు.

దూరపు పరుగుల్లో ఆయన ఏనాడూ మొదటివాడు కాదు, ఆఖరివాడూ కాదు. తెల్లవారుజామునే లేచి, వంతెన దాటి, అవతలి దిబ్బ ఎక్కి దిగి, కొట్టు తెరిచే వేళకు స్నానం చేసి వచ్చేవాడు. పోయిన ఏడు ఆ దిబ్బ దిగుతుండగా మోకాట్లో టక్కుమంది. ఆ చప్పుడు ఇంకా చెవిలోంచి పోలేదు. ఇంట్లో తలుపు గడియ పడినా ఉలిక్కిపడతాడు. ఆపరేషన్ చేస్తే కుట్లు చీము పట్టాయి. మళ్ళీ కోసి కడిగారు. అది మానేసరికి స్నానాలగదిలో కాలు జారింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో మేస్త్రీకి ఒకరు చెప్పనక్కర్లేదు.

నిటారు కాని కాలు పొట్టిదవుతుంది, మనిషి కుంటుతాడు. కుంటితే భార్య ముఖం చిన్నబోతుంది. అందుకని మేస్త్రీ తనకు చేతనైన పని చేశాడు. కుడి బూటులో మడమ కింద ఒక తోలుముక్క అతికించాడు. అంచులు పల్చగా చెక్కి, పైన పాత అట్ట పరిచి, ఎవరికీ అంతుబట్టనంత నాజూగ్గా. కుంటు పోయింది. ఇంట్లోవాళ్ళు నమ్మారు. మోకాలు కూడా నమ్మి, ఇక చాచుకునే పని లేదనుకుంది. కసరత్తు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే బూట్లు విప్పమంటుంది కనక అటు పోవడమే మానేశాడు.

"మేస్త్రీ, సోళ్ళు మార్చాలోయ్!"

బస్సు డ్రైవరు తన పరుగుబూట్ల జతను బల్ల మీద పెట్టాడు. వయసులో పెద్దవాడు, ఇన్నేళ్ళూ మేస్త్రీ పక్కన పరుగెత్తినవాడు. ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాడు.

"అంత తొందరేంటన్నా?"

"రేపు పొద్దున ఇద్దరం పోదాం. వంతెన దాకానే. పరిగెత్తలేకపోతే నడుద్దాం."

"రేపా?"

"మరెప్పుడు? కాటికి కాళ్ళు చాపుకున్నాకా? నేను రోజూ పోతూనే ఉన్నాగా. నిన్న దిబ్బ కూడా ఎక్కొచ్చా. నీ సోది వినకపోతే తోచట్లేదంతే. డ్యూటీ దిగి సాయంత్రం వస్తా."

"నువ్వే రా. ఎవరినీ పంపకు."

"తెలుసులే! కాలు పెట్టి చూసుకున్నాకే ఇస్తావు. ఇదేదో పెళ్ళిచూపులైనట్టు."

అది ఆ కొట్టు పద్ధతి. బూట్ల సొంతదారు వచ్చి, కాళ్ళు దూర్చి, నిలబడి నాలుగడుగులు వేస్తేగాని మేస్త్రీ జత అప్పగించడు.

డ్రైవరు వెళ్ళాక మేస్త్రీ కుడి కాలు బల్ల కిందికి లాక్కున్నాడు. రేపు పక్కనే నడుస్తాడు, తోలుముక్క సంగతి పసిగడతాడు. అదీ పోనీ, వంతెన చివర దిగుడుంది. మోకాలు టక్కుమన్నది దిగుతుండగానే. దేవుడా, సాయంత్రం ఈ మనిషి రాకుండా ఉంటే బాగుండును, అనుకున్నాడు. పైకి కూడా అన్నాడేమో, తెలియదు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది.

"ఇవాళైనా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తారా?"

"పనుంది."

"బూట్లెక్కడికీ పారిపోవు. మీరే పారిపోతున్నారు." గిన్నె మూత తీస్తూ మళ్ళీ అంది. "దారిలో డ్రైవరన్నయ్య కనపడ్డాడు. నాలుగు మెట్లెక్కి ఎంత ఆయాసపడుతున్నాడో పాపం."

"దిబ్బలెక్కే మనిషికి ఆయాసమేంటి, నీ మొహం," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వెళ్ళాక డ్రైవరు బూట్లు తిరగేశాడు. ఆ సోళ్ళు ఆపరేషన్‌కు కొద్దిరోజుల ముందు తాను వేసినవే. డ్రైవరు ఎడమ మడమ బయటి అంచు ముందు అరుగుతుంది, అది ఆయన నడక. ఇప్పుడా అంచు అరగనేలేదు, బొటనవేలు పెడితే కోసుకునేలా ఉంది. సోలు కింది గాళ్ళు లోతుగా, వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. దిబ్బ మీది ఎర్రకంకర ఒక్క రవ్వ కూడా ఇరుక్కోలేదు.

రోజూ పోతున్నానన్నవన్నీ కోతలేనన్నమాట! ముందు ఒళ్ళు మండింది. ఆ తరువాత నవ్వొచ్చింది. తాను లేకుండా ఆయన గడప దాటలేదు. తన బూటులో ఒక దొంగతనం, ఆయన బూటు కింద ఇంకో దొంగతనం. సాయంత్రం రానీ, రెండూ బల్ల మీద పెట్టి తేలుద్దాం, అనుకున్నాడు. మార్చడానికి ఏమీ లేదు కాబట్టి కొత్త లేసులు మాత్రం ఎక్కించాడు. ఏడాదిలో మొదటిసారి రేపటి దిగుడు కొంచెం చిన్నదిగా కనిపించింది.

దీపాలు పెట్టారు. పక్క కొట్లు మూశారు. మేస్త్రీ వీధి మలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు రాలేదు. ఆయన బస్సు కండక్టరు వచ్చి మెట్టు కిందే నిలబడ్డాడు.

"మేస్త్రీగారూ... మా డ్రైవరుగారు పోయారండీ. మూడింటి ట్రిప్పు అయ్యాక బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల వాల్చారు. కునుకు తీస్తున్నారనుకున్నాం."

మేస్త్రీ బల్ల మీది జతను దగ్గరికి లాక్కున్నాడు.

"గుండె బాలేదని ఆయనకి ముందే తెలుసటండీ. పరుగు మానెయ్యమని డాక్టరు ఎప్పుడో చెప్పారట. వాళ్ళావిడ ఇప్పుడు చెప్పింది. మీకు మాత్రం చెప్పొద్దన్నారట, వింటే మీరూ భయపడి ఇక పరుగు జోలికే రారని." కండక్టరు కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచాడు. "ఆ బూట్లిస్తే ఇంట్లో ఇచ్చేస్తాను."

"కుదరదయ్యా," అన్నాడు మేస్త్రీ, నోటి అలవాటు కొద్దీ. "ఆయన కాలు పెట్టి చూసుకున్నాకే..."

కండక్టరు తలవంచుకుని వెళ్ళిపోయాడు.

రాకుండా ఉంటే బాగుండునని పొద్దున తాను కోరుకున్న సంగతి గుర్తొచ్చింది మేస్త్రీకి. మోకాలి భయం దీని ముందు ఎంత? కుడి బూటు విప్పాడు. అట్ట పీకి, కత్తి మొన దూర్చి, తోలుముక్కను ఊడదీసి చెత్తలో పారేశాడు. బూటు తొడుక్కుని లేచి నిలబడ్డాడు. మడమ నేలకు అందలేదు. బల్ల పట్టుకుని, ఎక్కడ టక్కుమంటుందోనని చెవులు రిక్కించి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొక్కాడు. మడమ ఆనీ ఆననట్టు నేలకు తాకింది.

డ్రైవరు ఇల్లు వంతెనకు అవతల, దిగుడు దిగగానే. మేస్త్రీ కొట్టు మెట్టు దిగి, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే కుంటుకుంటూ అటు బయలుదేరాడు.

బల్ల మీద కొత్త లేసులతో, అరగని మడమలతో, ఆ జత అలాగే ఉంది.