వ్యాన్ మీద రెండు దెబ్బలు

నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండి, కాలి బొటనవేలైనా తడవకుండా ఇంటికి బయల్దేరిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది ఆ స్కూలు బస్సు ఆయాయే. ఒళ్ళు మండదూ మరి!

మొదటిరోజు దిగీ దిగగానే కూతురూ కొడుకూ చెప్పులు ఆమె ముందు విసిరేసి నీళ్ళలోకి పరిగెత్తారు. మొగుడు ఫోనూ, పర్సూ, వాచీ, ఇంటి తాళాలూ ఆమె ఒళ్ళో పడేసి, "కాస్త చూస్తుండవే, ఇలా మునిగి అలా వచ్చేస్తా" అన్నాడు. ఇలా మునిగినవాడు ఎండ నడినెత్తికి వచ్చేదాకా తేలలేదు. ఆడపడుచు కళ్ళజోడు తెచ్చి చేతిలో పెట్టింది. "నీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది వదినా" అంది. ఆమె ఇసకలో తువాలు పరుచుకుని, చుట్టూ అందరి సామానూ పేర్చుకుని, కొట్టు తెరిచినదానిలా కూర్చుంది. దారినపోయేవాళ్ళు ఆగి ఆ చెప్పులెంతకిస్తావని అడక్కపోవడం ఒక్కటే తక్కువ.

మర్నాడూ అదే సంబడం. ఆ మర్నాడు ఆడపడుచు ఫొటోలంటూ ఫోనుతోసహా అలల్లోకి వెళ్ళి, ఫోను సముద్రానికి సమర్పించుకుని వచ్చింది. పైగా "నువ్వైనా ఆపలేదేం వదినా" అని ఏడుపొకటి!

ఆమెకేం గొంతెమ్మ కోరికలు లేవు. మెడలోతు నీళ్ళలో నిలబడాలి, అలొచ్చినప్పుడు కాళ్ళు నేల విడవాలి, అంతే. దానికోసమని ఒక పాత నూలు డ్రస్సు సంచీలో అన్నిటికన్నా పైన పెట్టుకొచ్చింది. రోజూ పొద్దున బయటికి తీసేది, సాయంత్రం పొడిపొడిగా మళ్ళీ మడతపెట్టేది. చివరికి సిగ్గు విడిచి మొగుణ్ణి అడిగింది.

"దానికేం భాగ్యం! రేపు పొద్దున నీ వంతు. మేమంతా ఒడ్డున కూర్చుని నీ సామాను కాస్తాం" అన్నాడాయన.

"ఒట్టు?"

"ఒట్టే."

తెల్లారేసరికి ఆమె ఆ డ్రస్సు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని బయటికొచ్చింది. చూస్తే మొగుడు వ్యాన్‌లోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు.

"ఇదేంటి?"

"ఆలస్యమైతే రోడ్డంతా బళ్ళే. అడిగి తెచ్చుకున్న వ్యాను, సాయంత్రానికి అప్పజెప్పాలి కదా. సముద్రం ఎక్కడికి పోతుందే? మళ్ళీ వద్దాం."

మళ్ళీనట, మళ్ళీ! పెళ్ళయ్యాక ఇంటిల్లిపాదీ కలిసి కదలడం ఇదే మొదలు. ఆ మళ్ళీ ఎప్పుడు, పిల్లల పెళ్ళిళ్ళయ్యాకా? ఆమె పళ్ళు నూరుకుంటూ, ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యివేసి అందర్నీ వ్యాన్ ఎక్కించింది.

అది వాళ్ళ పద్ధతి. ఒకే స్కూలు బస్సుకి ఆయన డ్రైవరు, ఆమె ఆయా. పిల్లల తలలు తాకి లెక్కపెట్టి ఎక్కించడం, ఆఖర్న తను ఎక్కడం, పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేయడం ఆమె వంతు. ఆ దెబ్బలు పడగానే ఆయన బండి లాగిస్తాడు. వెనక్కి చూడడు. "నువ్వుండగా నాకు చూసే పనేముంది" అంటాడు, అదేదో గొప్పైనట్టు. బండి నడుస్తున్నంతసేపూ డ్రైవరు ఫోను ఆయా దగ్గరుండాలన్నది బస్సులో ఇంకో నియమం. ఇంటి ప్రయాణమైనా ఆ నియమం మారదు.

ఊరు దాటారో లేదో, ఏ రద్దీని తప్పించుకుందామని బయల్దేరారో ఆ రద్దీ ఎదురొచ్చింది. ముందొక లారీ, వెనకొక లారీ, అంగుళం కదిలితే ఒట్టు. వ్యాన్‌లో చల్లగాలి రావడం మానేసి వేడిగాలి మొదలైంది. సీట్లనిండా ఇసక. అమ్మ ఫోను నాకంటే నాకని పిల్లలిద్దరూ జుట్లు పట్టుకుంటే, ఆమె దాన్ని లాక్కుని సంచీలో పడేసింది.

"ఇక్కడ ఉడికిపోయే ఈ కాస్తసేపూ అక్కడుంటే నా ముచ్చట తీరిపోయేది" అంది.

"అబ్బా, మళ్ళీ మొదలుపెట్టావా వదినా?" అంది ఆడపడుచు. "నాలుగు రోజులూ హాయిగా కూర్చున్నావు. నీళ్ళలో పడి ఒళ్ళు హూనం చేసుకుంది మేము!"

హాయిగా! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటీ, హాయిగానా? మీ చెప్పులకి కాపలా కాయడం హాయా? ఎండకి మాడడం హాయా? ఒక్కరంటే ఒక్కరు, పోనీ కాసేపు నేను కూర్చుంటా నువ్వెళ్ళమని అన్నారా?"

"ఇద్దరూ నోళ్ళు మూస్తారా, లేదా?" అరిచాడు మొగుడు.

"మూస్తాను. ఇంటికెళ్ళేదాకా నా నోట్లోంచి మాటొస్తే అప్పుడడుగు!"

ఆమె లేచి వెళ్ళి ఆఖరి సీట్లో పెట్టెల మధ్య కూర్చుంది. పిల్లలు నిద్రపోయారు. ఆడపడుచు మూతి ముడుచుకుని కిటికీవైపు తిరిగింది.

వెనక చక్రం మెత్తబడినట్టుందని మొగుడు ఒక పెట్రోలు బంకులో ఆపాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని, శపథం ప్రకారం ఎవరికీ చెప్పకుండా దిగి మరుగుదొడ్డికి వెళ్ళింది. ఎండ మీద పడుతోందని ఆడపడుచు వ్యాన్ తలుపు లాగేసింది. గాలి కొట్టే అతను చక్రానికి మూత బిగించి, ఇక పోవచ్చన్నట్టు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

అంతే. ఆయన బండి లాగించేశాడు.

"ఏయ్! ఆగండి! ఆపండర్రా!" మరుగుదొడ్డిలోంచి వస్తూనే వెంటపడి పరిగెత్తిందామె. వ్యాన్ రోడ్డెక్కి బళ్ళలో కలిసిపోయింది.

"అయ్యో, మీరు ఆ బండేనా అమ్మా?" నాలిక్కరుచుకున్నాడు గాలి కొట్టే అతను. "కంగారుపడకండి. మీరు లేరని ఇట్టే తెలిసిపోదూ, ఇప్పుడే తిరిగొస్తారు."

తెలియకేం, అనుకుని అక్కడున్న బెంచీ మీద కూర్చుంది. టీ తాగింది. కాసేపాగి ఇంకో టీ తాగింది. ఫోన్ చేద్దామంటే తన ఫోనూ, మొగుడి ఫోనూ రెండూ సంచీలోనే ఉన్నాయి. ఆడపడుచుది చేపల దగ్గరుంది. గాలి కొట్టే అతను భోజనానికి వెళ్ళి, తిని, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఇంకా రాలేదా అమ్మా?" అన్నాడు. అడిగాక తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

ఆ జాలి ఆమెకి కారం రాసినట్టయింది. దిగేముందు చెప్పకపోవడం తన పొరపాటే, సరే. దెబ్బలు విని కదలడం ఆయన అలవాటు, అదీ సరే. కానీ ఇంతసేపట్లో ఒక్కరికైనా తల తిప్పి ఆఖరి సీటువైపు చూడాలనిపించలేదా? ఇంతకాలం అందరి తలలూ తను లెక్కపెట్టింది. తన తల ఎవరి లెక్కలోనూ లేదు! ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఒళ్ళుమండి లేచి నిలబడింది.

రోడ్డుకవతల సముద్రంవైపు వెళ్ళే బస్సొకటి వచ్చి ఆగింది.

"ఎవరైనా వచ్చి అడిగితే సముద్రానికి వెళ్ళానని చెప్పు."

"ఎక్కడ సముద్రానికమ్మా?"

"నేను దిగని సముద్రమని చెప్పు. తెలుస్తుంది" అని రోడ్డు దాటి బస్సెక్కేసింది.

సముద్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. గబగబా నీళ్ళ అంచుదాకా వెళ్ళి ఠక్కున ఆగిపోయింది. భుజాన సంచీ! ఫోన్లు, పర్సు, ఇంటి తాళాలు. ఎవరు చూస్తారు? అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఇసకలో కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, నాలుగు రోజులూ కూర్చున్న చోటే కూర్చుందని.

"ఛీ, నా బతుకు!" అంది పైకే. మొగుడు లేడు, ఆడపడుచు లేదు, పిల్లలు లేరు, అయినా కాపలా తప్పలేదు! "పోతే పోనీ! ఎవడెత్తుకుపోతాడో పోనీ! తాళాలు పగలగొట్టుకుంటారో, గోడలే దూకుతారో వాళ్ళ ఖర్మ!"

సంచీని ఇసకలో కుదేసి, దానిమీద చెప్పులు పెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. వెనక్కి చూడకుండా నీళ్ళలోకి నడిచింది.

మోకాళ్ళలోతులో మొగుణ్ణి తిట్టింది. నడుంలోతులో ఆడపడుచుని తిట్టింది. ఛాతీదాకా వచ్చాక పిల్లల్ని, ఆ లారీల్ని, అడిగి తెచ్చుకున్న వ్యాన్‌ని వరసపెట్టి తిట్టింది. ఇంకా ఎవరైనా మిగిలారా అని ఆలోచిస్తుండగా పెద్ద అలొచ్చి కాళ్ళు నేలమీంచి లేపేసింది.

"ఒసే ఆడపడుచూ, హాయంటే ఇదే!" అని గొంతు చించుకుని అరిచింది.

పొద్దు వాలుతుండగా వ్యాన్ వచ్చింది. మొగుడు పరిగెత్తుకొచ్చి, ఇసకలో తూలిపడి, లేచి, సంచీని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ఆయన మొహాన నెత్తుటిచుక్క లేదు.

"అమ్మా!" అరిచాడు కొడుకు. "నీళ్ళిమ్మని ఎన్నిసార్లడిగినా నువ్వు పలకలేదు! అప్పుడు చూశాం!"

అదీ సంగతి! దాహమేసి అమ్మ గుర్తొచ్చింది. చల్లారుతున్న కోపం మళ్ళీ భగ్గుమంది.

"దెబ్బలు విన్నానే!" అన్నాడు మొగుడు. "నువ్వే కొట్టావనుకున్నా!"

"ఇన్నేళ్ళుగా వింటున్నావు కదయ్యా! నా చెయ్యేదో, ఎవడో దారినపోయేవాడి చెయ్యేదో తెలీలేదా నీకు?"

ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె కూర్చున్న చోటే చతికిలబడ్డాడు. పిల్లలిద్దరూ చెప్పులు ఆయన ముందు విసిరేసి నీళ్ళలోకి పరిగెత్తారు. ఆడపడుచు కళ్ళజోడు తీసి అన్న చేతిలో పెట్టింది.

చాలాసేపటికి ఆయన గొంతు పెంచి అడిగాడు. "ఇక వెళ్దామా? వ్యాన్ అప్పజెప్పాలి."

"కూర్చో!" అందామె, వస్తున్న అలవైపు తిరుగుతూ. "నేనింకా దెబ్బలు కొట్టలేదు."