రేట్లనే ఉంటది

ఫుకెట్‌లో నాలుగు రోజులకు ఓ వెబ్‌సైట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న బస్వరాజ్‌కు పొద్దున్నే కార్డు బిల్లు వచ్చింది. ఆ పక్కిల్లే, అంతే అద్దెకు తీసుకున్న తమ్ముడు రితేష్‌కు నాలుగు వేలు తక్కువ పడింది.

"రూపాయలల్ల కట్టకు, వాళ్లకు నచ్చిన రేటుకు మారుస్తరని చెప్పిన," అంది భార్య నవత. "ఫారిన్ ఛార్జీ లేని కార్డు తీస్కొని, థాయ్‌లాండ్ పైసలల్లనే కట్టుమన్న. రితేష్ గట్లనే కట్టిండు. ఇన్నవా?"

"జర నోరు మూస్తవా?" అంటూ అతను ఆ వెబ్‌సైట్ వాళ్లకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. "గీ నాలుగు వేల ఛార్జీ ఏడ రాసిన్రు? సూపియ్యున్రి."

"వేరే ఛార్జీ ఏమీ లేదు సార్," అంది అవతలి అమ్మాయి. "అంతా రేట్లోనే ఉంటుంది."

బస్వరాజ్ ఫోన్ మంచం మీదికి విసిరికొట్టాడు. "దొంగ ముండ. మొకం మీదనే అబద్ధం."

నవతకు ఒళ్లు మండింది. న్యాల్‌కల్ నుంచి తన తండ్రి నిరుడు అల్లం బస్తాలు అమ్మకానికి తెచ్చింది ఈ మనిషి నడిపే మండీకే. మామ అని కూడా చూడకుండా క్వింటాలుకు మూడు కిలోలు తరుగు కింద కోశాడు.

"గా పిల్లను తిట్టకు," అంది. "తరుగు ఎందుకు తీస్తివని మా నాయిన అడిగితే నువ్వేమన్నవ్? 'వేరే తరుగు ఏడున్నది మామా, అంత రేట్లనే ఉంటది' అన్నవ్. ఆయన నిన్ను దొంగ అనలే. సంచులు దులుపుకొని బస్సెక్కిండు."