సార్ గీసిన సోఫా

మా ఆడబిడ్డ జ్యోతిరాణికి తెలియని విషయం ఈ కరీంనగర్‌లో లేదు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, ఏ బడిలో ఇంగ్లిషు బాగా చెప్తారు, ఏ దుకాణంలో కొంటే చీర రంగు పోదు, అన్నీ ఆమె నోటనే ఉంటాయి. అడిగితే చెప్తుంది. అడగకపోతే ఇంకా ఎక్కువ చెప్తుంది. మా నవత బొమ్మల క్లాసు సంగతి కూడా అలాగే ఆమె నోట్లో పడింది. నా ఒళ్లు మండటం అక్కడే మొదలైంది.

నవతకు పదేళ్లు. చేతికి పెన్సిల్ దొరికితే చాలు, కరెంటు బిల్లు వెనకైనా పెళ్లి పత్రిక వెనకైనా గీస్తూ కూర్చుంటుంది. వేసవి సెలవుల్లో క్లాసులో చేర్పిస్తానని మాటిచ్చాను. దాని బాపు, మా ఆయన సంపత్, దుబాయి పోయి మూడేళ్లు దాటింది. కనుక తిరగడం, అడగడం, కొట్లాడటం అన్నీ నా వంతే. నస్పూర్ బొగ్గుబాయి కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, కొట్లాడటానికి నాకేం మొహమాటం లేదు.

మొదట గీతాభవన్ దిక్కు ఒక అద్దాల గదికి పోయాం. లోపల ఏసీ. బల్ల వెనక కూర్చున్న పిల్ల నవ్వుతూ చెప్పింది, పిల్లలకు ఒక బ్యాచ్, టీనేజీ వాళ్లకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి అని. "మా పిల్లకు ఏం నేర్పుతరు?" అని అడిగితే ఎన్ని సర్టిఫికెట్లు ఇస్తారో చెప్పింది. మళ్లీ అడిగితే మళ్లీ సర్టిఫికెట్లే. పైగా నన్ను ఎగాదిగా చూసి, "మీరు గుడ చేరొచ్చు మేడం, లేడీస్ బ్యాచ్‌ల చీరల మీద పెయింటింగ్ ఉంది" అంది. "నా చీరల మీదున్న మరకలు చాలు తల్లీ" అని లేచి వచ్చాను.

రెండోది కోతిరాంపూర్‌లో అనసూర్య టీచర్ ఇల్లు. వరండాలో చాపలు. చిన్నపిల్లలు, ఇంటర్ చదివే ఇద్దరు, నా వయసు ఆడవాళ్లు ఇద్దరు, అందరూ కలిసే కూర్చున్నారు. గోడ మీద బొమ్మలన్నీ వంకర టింకరే. ఒక ఏనుగుకైతే చెవులే లేవు.

"చెవులేవి మేడం?" అన్నాను.

"వానల తడిసినయట, ఆరేసిందట. గీసిన పిల్ల చెప్పింది, నేను నమ్మిన" అని ఆమె నవ్వింది.

నేను మాట ముగించేలోపే నవత పోయి చాప మీద కూర్చుంది. లెమ్మంటే లేవలేదు. ఇదే ఖాయం అనుకున్నాను.

ఆ సాయంత్రమే జ్యోతిరాణి మా ఇంటికి దిగింది. "ఏంది మహేశ్వరీ, మంకమ్మతోటల భానుప్రసాద్ సార్‌ను ఇడిసిపెట్టి ఎక్కడెక్కడనో తిరుగుతున్నవట? మా ఇంట్ల గోడలు చూడు. నెమలి, జలపాతం, గుర్రాలు. అన్ని మా కొడుకు గీసినయే. ఆ కోతిరాంపూర్‌ల ఏమున్నదే, చెవులు లేని ఏనుగులు!"

"నా బిడ్డకు అక్కడ నచ్చింది వదినె."

"పిల్లకేం తెలుస్తది? నీకేం తెలుస్తది?" అంటూనే తన ఫోన్‌లో ఉన్న ఆ నెమలి, ఆ జలపాతం ఫోటోలు తమ్ముడికి పంపింది. పది నిమిషాల్లో సంపత్ నాకు ఫోన్ చేశాడు.

"అక్క చెప్పిన దగ్గరనే చేర్పియ్యి. ఎంత మంచిగ గీస్తున్నరు అక్కడ! మన పిల్ల గుడ గట్ల గీయాలె."

"నువ్వు అక్కడుండి ఇక్కడి క్లాసులు ఏరుతవా?"

"నా బిడ్డ గాదా ఏంది?" అని పెట్టేశాడు. దుబాయిలో కూర్చున్న మొగుడు, మంకమ్మతోటలో కూర్చున్న ఆడబిడ్డ, నడుమ నేను పళ్లు కొరుక్కుంటూ పోయి పిల్లను భానుప్రసాద్ దగ్గర చేర్పించాను.

ఆ తర్వాత వారం వారం క్లాసు వాట్సాప్ గ్రూపులో బొమ్మలు రావడం మొదలైంది. కింద నవత పేరు, పైన సూర్యాస్తమయం. కింద నవత పేరు, పైన చిలకల జంట. సంపత్ అవన్నీ స్టేటస్ పెట్టుకుని మురిసిపోయేవాడు. ఇంట్లో మాత్రం పిల్ల పెన్సిల్ పట్టడం మానేసింది. తెల్ల కాగితం ముందు పెట్టినా చేతులు ముడుచుకుని కూర్చునేది.

"ఏమైందే నీకు? ఒంట్ల మంచిగ లేదా?" అన్నాను ఒకరోజు.

"మనం గీసేది రఫ్ అమ్మా. ఫెయిర్ సార్ గీస్తడు."

"అంటే?"

"ముందుగాల మనం గీస్తం. సార్ చూసి అది పక్కకు పెట్టి, కొత్త పేపర్ మీద ఆయననే గీస్తడు. మనం రంగులేసి పేరు రాయాలె. అందరికీ గంతే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నెమళ్లు, ఆ గుర్రాలు, మా ఆడబిడ్డ గోడల నిండా వేలాడే ఆ ఘనకార్యాలన్నీ ఒక్కడి చేతివే అన్నమాట. ఊళ్లో అందరికీ తమ పిల్లలు కళాకారులు, ఒక్క పిల్లకూ గీత గీయడం రాదు. అప్పుడే పోయి కడిగేద్దామనుకున్నాను. సెలవులు అయిపోతున్నాయి, గొడవెందుకని ఆగాను.

క్లాసు చివర ఎగ్జిబిషన్ పెడుతున్నామన్నారు. అందరూ వాళ్ల వాళ్ల నాన్న బొమ్మ గీయాలి. ఆ బొమ్మ గీసే రోజు నవత ఉదయం ఎగురుకుంటూ పోయింది, మధ్యాహ్నం ఏడ్చుకుంటూ వచ్చింది. ముక్కు చీదుతూ ఒకటే మాట. "గాయన మా బాపు గాదు. సార్ ఎవల్నో గీసిండు. నాది పెట్టుమంటె పెడ్తలేడు."

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పిల్లను వెంటబెట్టుకుని నడిచాను. మెడికల్ షాపు మీద మేడ గది. భానుప్రసాద్ అట్టల మీద బొమ్మలు అంటిస్తున్నాడు. నవత పేరున్న బొమ్మ నాకు చూపించాడు. సోఫాలో టై కట్టుకున్న మనిషి, వెనక పెద్ద కిటికీ, కిటికీలో ఆకాశాన్నంటే మేడలు. పక్కనున్న బొమ్మలో కూడా అదే మనిషి, అదే టై. పేరు మాత్రం ఇంకో పిల్లది.

"సార్, మా ఆయన మెడకు టై ఎన్నడన్న చూసిన్రా మీరు? నా బిడ్డ గీసిందేది?"

"అది రఫ్ మేడం. పెట్టేటట్టు లేదు."

"ముందు తియ్యిన్రి."

పాత కాగితాల కట్టలో నుంచి లాగి బల్ల మీద పడేశాడు. చూశాను. కాగితమంతా గడ్డం, రెండు పెద్ద ముక్కు రంధ్రాలు, పైన ఎక్కడో చిన్న కళ్లు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని మాట్లాడితే మనిషి అచ్చంగా అలాగే కనబడతాడు. పొద్దున నేను వంటింట్లో ఉంటే సంపత్ ఇమో వీడియో కాల్‌లో పిల్లతో మాట్లాడతాడు, అది తెలుసు. కానీ తల మీద ఇనుప కడ్డీలు, వాటి మీద నుంచి వేలాడే కాళ్లు, తాడు మీద బనియన్లు, ఇవేమిటో నాకూ అర్థం కాలేదు.

"చూడున్రి మేడం, మనిషి నెత్తి మీద కాళ్లు! గిదేమన్న బొమ్మనా? పేరెంట్స్ అందరు నవ్వుతరు."

"గవి మీద పండుకునేటోళ్లయి" అంది నవత మెల్లగా.

ఆ మాట చెవిన పడింది కానీ నా కోపంలో తలకెక్కలేదు. నా చూపంతా భానుప్రసాద్ మొహం మీదే ఉంది.

"నవ్వేటోళ్లు నవ్వనీ. గిదే పెట్టాలె."

"నా అకాడమీ పేరు ఏం గావాలె మేడం?"

"పెట్టకుంటె గా గ్రూపుల మెసేజ్ పెడ్త. ఎవల పిల్లలు గీస్తున్నరో, ఎవల చెయ్యి గీస్తున్నదో అందరికీ చెప్త. అప్పుడు చూద్దాం నీ అకాడమీ పేరు."

భానుప్రసాద్ మొహం మాడిపోయింది. బల్ల మీది బొమ్మ తీసుకుని అట్టకు అంటించాడు. నవత కళ్లు తుడుచుకుని నా కొంగు పట్టుకుంది. గెలిచాననుకున్నాను.

ఆదివారం చిన్న హాల్లో ఎగ్జిబిషన్. గోడల నిండా టై కట్టిన నాన్నలు, అందరికీ ఒకటే మీసం. నడుమ మా ఆయన ముక్కు రంధ్రాలు. జ్యోతిరాణి దాని ముందు నిలబడి గట్టిగా నవ్వింది, పదిమందికీ వినబడేలా.

"ఓ యవ్వ, గిదేందే! మా తమ్మునికి ముక్కు తప్ప ఇంకేం లేదా? సార్ గీసి ఇస్తా అంటే వద్దని కొట్లాడినవట గదా. ఉండు, వానికే చూపిస్త నీ నిర్వాకం."

అనడమే ఆలస్యం, సంపత్‌కు వీడియో కాల్ చేసి ఫోన్ గోడ వైపు తిప్పింది. అతడి నవ్వు మొహం ఒక్క క్షణం కనబడింది. బొమ్మ చూశాడు. నవ్వు పోయింది. కాల్ కట్ అయింది.

"సిగ్నల్ పోయినట్టుంది" అంటూ జ్యోతిరాణి మళ్లీ బొమ్మ దగ్గరికి పోయింది. "గీ కాళ్లేందే పిల్లా?"

తన బొమ్మ గురించి ఒక మనిషి మొదటిసారి అడిగేసరికి నవత మొహం వెలిగింది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. "గివి మీది మంచం రాజం మామయి అత్తమ్మా. గివి ఆయన పక్క మంచపాయనయి. బాపుది కింద మంచం. పొద్దుగాల అందరు లేస్తరు గద, నాకు ఫోన్ చేసినప్పుడు మీదికెళ్లి కాళ్లు ఊపుకుంట కూసుంటరు. రూం నిండ మంచాలే. తాడు మీద అందరి బట్టలు."

హాల్లో మా చుట్టూ ఉన్నవాళ్లు బొమ్మ దగ్గరికి జరిగారు. జ్యోతిరాణి నోరు తెరుచుకుని నా వైపు చూసింది. "సూపర్‌వైజరన్నడు గద? సెపరేట్ రూం ఇచ్చిన్రన్నడు గద?"

నాతోనూ అదే అన్నాడు. నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ బయట తెల్లగోడ దగ్గర నిలబడేవాడు, లోపల సిగ్నల్ రాదనేవాడు. మా వాడకట్టులో ఎవరు అడిగినా సెపరేట్ రూం అని నేనే గొప్పగా చెప్పుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

నా ఫోన్ మోగింది. సంపతే. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి పోయాను. వీడియోలో అతడి వెనక అదే తెల్లగోడ.

"ఎవలు పెట్టుమన్నరే ఆ బొమ్మను?" అని మొదలుపెట్టాడు.

"నేనే."

"సిగ్గుందా నీకు? అక్క చూసె, ఊరోళ్లందరు చూసిరి. రేపు మా అవ్వకు తెలుస్తది. మొగని ఇజ్జత్ తీసి గోడకు తగిలేస్తవా?"

"ఇజ్జతా? మూడేండ్ల సంది నాకు అబద్ధాలు చెప్పుకుంట వస్తివి. పది మందిల నిలబడి నీ సంగతి నీ అక్క ముందట వింటి. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"చెప్తె ఏం జేద్దువు?"

"ఏడుద్దును. కొట్లాడుదును. వాపస్ రమ్మందును."

"గందుకే చెప్పలే" అన్నాడు. గొంతు పెంచి, "ముందుగాల దాన్ని చింపెయ్యి. సార్ గీసింది పెట్టుమను" అన్నాడు.

నవత నా చేతిలో నుంచి ఫోన్ లాక్కుంది. "బాపూ, నేను తప్పు గీసిన్నా?"

అతడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిల్ల మళ్లీ అడిగింది. "తప్పు గీసిన్నా బాపూ?"

"లేదు బిడ్డా. తప్పు గీయలే" అన్నాడు. "గట్లనే ఉంటది."

"మరి ఎందుకు చింపుమన్నవ్?"

పిల్ల ఏడుపు ఆపుకుంటూ నా వైపు చూసింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ కోపం దాన్ని రానీయలేదు. ఫోన్ తీసుకున్నాను.

"లోపలికి పో."

"ఎందుకు?"

"రూం చూపియ్యి."

"ఇయ్యాల సెలవు, అందరు పండుకున్నరు. జర ఊకో మహేశ్వరీ."

"పండుకోనీ. నీ బిడ్డ రోజు చూస్తున్నది, నేను చూడొద్దా? పోతవా, లేకపోతె మీ అవ్వకు ఇప్పుడే ఫోన్ చెయ్యాల్నా?"

నన్ను తిట్టాడు. తిట్టుకుంటూనే తలుపు తీశాడు. లోపల చీకటి. ఇరుకు దారిలో రెండు పక్కలా రెండంతస్తుల ఇనుప మంచాలు. తాడు మీద తడి బట్టలు అతడి మొహానికి తగులుతున్నాయి. పై మంచం మీద ఒకాయన లేచి, "ఎవలు సంపతన్నా?" అన్నాడు. "ఇంట్ల ఆమె" అనగానే ఉలిక్కిపడి దుప్పటి కప్పుకుని, "నమస్తె చెల్లె, నేను రాజంను, ఆసిఫాబాద్" అన్నాడు.

"చూసినవు గదా? ఇగ తృప్తయిందా?" అన్నాడు సంపత్.

"కాలే. కూసో. ఫోన్ ఒళ్లె పెట్టుకో, బిడ్డతోని మాట్లాడేటప్పుడు పెట్టుకున్నట్టు."

కూర్చున్నాడు. ఫోన్ కిందికి దిగింది. గడ్డం, ముక్కు, పైన ఎక్కడో తడిసిన చిన్న కళ్లు. ఆ పైన రాజం కాళ్లు. నవత గీసిన దాంట్లో ఒక్క గీత కూడా ఎక్కువ లేదు.

"ఇగ గట్లనే ఉండు" అన్నాను. "రేపటి సంది నాతోని మాట్లాడేటప్పుడు బయటికి పోయినవంటె చూడు."