మూడుసార్లు అడిగే డబ్బా

కోనసీమలో పుట్టినవాడికి రెండు నియమాలు ఉగ్గుపాలతోనే అబ్బుతాయి. ఎవరైనా పని చెబితే రాదనకూడదు. ఎవరైనా ఏదైనా పెడతామంటే వెంటనే ఊఁ అనకూడదు. ముక్తేశ్వరం శివనాగరాజు ఈ రెండింటినీ నిష్ఠగా పాటించే మనిషి. ఆ నిష్ఠే రెండువేల ఏడో సంవత్సరం శ్రావణమాసంలో అతని పీకల మీదికి తెచ్చింది.

ఓడలరేవు దారిలో ఉన్న ఒక గ్యాసు కంపెనీ ఆఫీసులో అతను కంప్యూటరు ఆపరేటరు. అమలాపురంలో డిప్లొమా చేసి, ఏడాది కాంట్రాక్టు మీద చేరి, సెలవు చీటీలు టైపు చేస్తూ కాలం వెళ్ళబుచ్చుతున్నాడు. ముప్పై ఏళ్ళొచ్చాక దొరికిన మొదటి కుర్చీ అది. అంతకుముందు ఆరేళ్ళు అన్నగారి కొబ్బరితోటలో తిరిగేవాడు. వచ్చినవాళ్ళకల్లా అన్నగారు "మా తమ్ముడండీ, ఖాళీగానే ఉన్నాడు" అని పరిచయం చేసేవారు. ఆ మాట మళ్ళీ వినడం కంటే గోదాట్లో దూకడం నయమని శివనాగరాజు ఉద్దేశం. అయితే కాంట్రాక్టు నెల తిరిగేసరికి అయిపోతుంది.

అలాంటి సమయంలో హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ప్రశాంతి అనే ఇంజనీరు ఫోను చేసింది. కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి ఒక పోర్టలు పెట్టారట. పొద్దున్నే కంప్యూటరు తెరవగానే అందరికీ ఒకే పేజీ కనబడుతుంది. ఆ పేజీలో గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో డబ్బా. నోటీసులకొకటి, పుట్టినరోజులకొకటి. అవి తయారుగానే దొరుకుతాయి. ఏ ఊరి ఆఫీసుకి తగిన డబ్బా ఆ ఊరివాళ్ళే రాసుకోవాలి, దాన్నే కాంపోనెంటు అంటారు. ఇంతా చెప్పి, "మీకు కాంపోనెంట్లు రాయడం వచ్చా?" అని అడిగింది.

"ఆయ్, వచ్చండి" అన్నాడు శివనాగరాజు. కాంపోనెంటు అన్న మాట అతను అంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాడు, అమలాపురంలో రేడియోలు బాగుచేసే కొట్లో.

ఏం రాయాలో పరిపాలనాధికారి పెద్దిరాజుగారు చెప్పారు. రాజోలు మనిషి, పెద్దమనిషి. క్యాంటీనులో వండిన అన్నంలో పావు వంతు రోజూ గేదెల పాలవుతోందని హెడ్డాఫీసు కోప్పడుతోందట. అంచేత పొద్దున పదిగంటల్లోగా ఎవరెవరు భోంచేస్తారో డబ్బా అడగాలి, ఆ సంఖ్య వంటావిడ సుబ్బాయమ్మగారికి చేరాలి. నెలాఖరుకి ప్రశాంతి స్వయంగా వచ్చి చూస్తుంది. డబ్బా నడిస్తే శివనాగరాజు కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. నడవకపోతే ఆ కుర్చీయే ఉండదు.

ప్రశాంతి నాలుగువందల పేజీల ఇంగ్లీషు పుస్తకం మెయిల్లో పంపింది. తెర మీద చదివితే బుర్రకెక్కదని శివనాగరాజు దాన్ని ప్రింటు తీయబోయాడు. రెండువందల పన్నెండో పేజీ దగ్గర ఆఫీసు ప్రింటరు ప్రాణం విడిచింది. దాంతో అతని చదువూ ఆ పేజీ దగ్గరే ఆగింది.

మొదటి డబ్బా "నమస్కారం" అని ఒక్క మాట చూపించాలి, అంతే. వారం రోజులు కుస్తీపట్టి రాసి, పోర్టల్లో పెట్టి, కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. నమస్కారం రాలేదు సరిగదా, నోటీసులూ పుట్టినరోజులూ కూడా మాయమై పేజీ తెల్లకాగితమైపోయింది. హైదరాబాదులో కూడా అంతేనట. ప్రశాంతి ఫోను చేసి, గూట్లో పెట్టిన డబ్బా తను చెడితే చెడాలిగాని చుట్టుపక్కలవాళ్ళని చెడగొట్టకూడదని గంటసేపు చెప్పింది. ప్రతి వాక్యానికీ శివనాగరాజు ఆయ్ అన్నాడు. ఈసారి అందులో సగం అర్థమైంది కూడాను. పొరపాటు జరిగితే డబ్బాలోనే పట్టుకుని నొక్కిపెట్టే ఉపాయం నూట నలభయ్యో పేజీలో ఉంది.

రెండో వారానికి భోజనాల డబ్బా తయారైంది. ఆ రోజుల్లో ఆఫీసు కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు గళ్ళుగళ్ళుగా కనబడేవి. అందుకని తెలుగు మాటలన్నీ బొమ్మలుగా చేసి అతికించాడు. పైన "ఈ రోజు భోజనం చేస్తారాండీ?" అని ఒక ప్రశ్న, కింద "చేస్తాను", "వద్దండి" అని రెండు మీటలు. సోమవారం పొద్దున్న గూట్లో పెడితే ఒక్క పొరపాటూ లేకుండా నడిచింది. ఎనభై ఆరుమంది జవాబు చెప్పారు. భోంచేస్తామన్నవాళ్ళు తొమ్మిదిమంది.

సుబ్బాయమ్మగారు ఆ సంఖ్య రాసిచ్చిన చీటీని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, తొమ్మిదిమందికీ, పైన ఇంకో ముగ్గురొచ్చినా సరిపడేలా కంద బచ్చలి కూర వండారు. పన్నెండున్నరకి క్యాంటీను ముందు ఎనభై ఆరుమందీ చేతులు కడుక్కుని నిలబడ్డారు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో జరిగిన సంగతి వర్ణించడం మర్యాద కాదు. రెండు ఆటోలు అమలాపురం పరిగెత్తి అరటిపళ్ళూ బిస్కెట్లూ తెచ్చాయి. శివనాగరాజు పేర్ల జాబితా తీసి చూస్తే, చేస్తామన్న తొమ్మిదిమందీ పైరాష్ట్రాల నుంచి వచ్చిన ఇంజనీర్లు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరు తప్పకుండా వద్దండి నొక్కారు. ఆ జాబితాలో మొదటి పేరు పెద్దిరాజుగారిదే. శివనాగరాజు నసుగుతూ నసుగుతూ ఆ సంగతి ఆయన ముందు పెట్టాడు.

"నొక్కక ఏం చెయ్యమంటావయ్యా?" అన్నారాయన బిస్కెట్టు నములుతూ. "మర్యాదస్తుణ్ణి. అడగ్గానే అన్నం కావాలని నా అంతట నేనెలా నొక్కుతాను?"

డబ్బాలో తప్పేముందో తెలియక శివనాగరాజు కోడు మొత్తం నాలుగుసార్లు చదివాడు. తప్పులేదు. తప్పులేనిదాన్ని ఎలా సరిచెయ్యాలో పుస్తకంలో లేదు. నెలాఖరు ఇంకా పదిహేను రోజులుంది. అన్నగారి తోట కళ్ళముందు మెదులుతుంటే వెళ్ళి క్యాంటీను బల్ల మీద కూలబడ్డాడు.

సుబ్బాయమ్మగారు మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. అబ్బే వద్దు పిన్నిగారూ అన్నాడతను. పుచ్చుకో అన్నారావిడ. కడుపు నిండుగా ఉందన్నాడు. తాగకపోతే నా మీద ఒట్టేనన్నారు. తాగాడు.

"ఇప్పుడు నిన్ను ఎన్నిసార్లడిగేను?" అన్నారావిడ ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

"మూడుసార్లండి."

"మరి నీ డబ్బా ఎన్నిసార్లడిగింది బాబూ? ఒక్కసారి అడిగితే అడిగినట్టటయ్యా? పొమ్మన్నట్టు."

శివనాగరాజుకి కళ్ళు విచ్చుకున్నాయి. ముప్పై ఏళ్ళుగా తను రోజూ చేస్తున్న పనే అది. రాయడానికి కూర్చునేటప్పటికి మాత్రం హైదరాబాదు మనిషిలా రాశాడు. ఆ సాయంత్రమే డబ్బాని మార్చడం మొదలుపెట్టాడు. ఏం అడగాలో సుబ్బాయమ్మగారే చెప్పారు. మొదటిసారి "భోజనం చేస్తారాండీ?" వద్దంటే, "అలాగంటే ఎలాగండీ, కాస్త మజ్జిగన్నమైనా?" అప్పటికీ వద్దంటే మూడో మాట. ఆ మూడోది ఆవిడ చెవిలో చెప్పినంత నెమ్మదిగా చెప్పారు.

కాని డబ్బాకి మతిమరుపు. మీట నొక్కినప్పుడల్లా పేజీ మళ్ళీ కొత్తగా పుడుతుంది, దాంతోపాటు డబ్బా కూడాను. ఇంతకుముందు అడిగినట్టు దానికి గుర్తుండదు. స్టోర్సు గుమాస్తా పోలిరాజుని పరీక్షకి కూర్చోబెడితే, అది "భోజనం చేస్తారాండీ?" అనే మొదటి ప్రశ్ననే ఇరవైమూడుసార్లు అడిగింది. పోలిరాజు ఇరవైమూడుసార్లూ ఓపిగ్గా వద్దండి నొక్కాడు. అత్తారింట్లో కూడా తనకింత మర్యాద జరగలేదని చెమర్చిన కళ్ళతో చెప్పాడు.

శివనాగరాజు తల పట్టుకుని ప్రశాంతికి ఫోను చేశాడు. మూడుసార్లు అడగడం గురించి చెప్పే ధైర్యం లేక, ఒక మీట నుంచి ఇంకో మీటదాకా డబ్బాకి సంగతులు గుర్తుండాలంటే ఏం చెయ్యాలని మాత్రం అడిగాడు. అది పుస్తకంలో రెండువందల పదమూడో పేజీలోనే మొదలవుతుంది కదా, చదవలేదా అందావిడ. ప్రింటరు సంగతి చెబితే అయిదు నిమిషాలు నవ్వి, ఆ అధ్యాయమంతా ఫోన్లోనే విప్పి చెప్పింది. పేజీ చచ్చి పుట్టేలోగా ఆ సంగతుల్ని దానికే మూటగట్టి ఇచ్చి పంపాలట, కొత్త పేజీ ఆ మూట విప్పుకుంటుందట. మర్నాడు డబ్బాకి జ్ఞాపకం వచ్చింది. ఆ క్షణంలో శివనాగరాజుకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తనకి ఒక విద్య వచ్చిందని అతను జీవితంలో మొట్టమొదటిసారి నమ్మాడు.

మరుసటి సోమవారం నుంచి క్యాంటీనులో ఒక్క మెతుకు మిగిలితే ఒట్టు. పదిగంటలకల్లా ఆఫీసులో ప్రతివాడూ వద్దు, వద్దు, సరేనండి అని మూడు నొక్కులూ నొక్కి తృప్తిగా పనిలో పడేవాడు. పెద్దిరాజుగారైతే రెండో నొక్కు తరవాత కాసేపాగి కిటికీలోంచి చూసేవారు. తొమ్మిదిమంది ఇంజనీర్లు కూడా వారం తిరిగేసరికి మొదటిసారి వద్దనడం నేర్చుకున్నారు.

నెలాఖరున ప్రశాంతి రానే వచ్చింది. తెల్లారుజామున రాజమండ్రిలో రైలు దిగి, రెండు బస్సులు మారి, తొమ్మిదింటికల్లా నేరుగా వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. కోడు చదివినంతసేపూ తలాడించింది. పొరపాట్లని పట్టిన తీరు బాగుందంది, జ్ఞాపకం మూటకట్టిన తీరు ఇంకా బాగుందంది. తీరా డబ్బాని నడిపి చూసి మొహం చిట్లించింది. మనిషి ఒకసారి వద్దన్నాక మళ్ళీ అడగడమేమిటని, ఏ డబ్బాకైనా మొదటి జవాబే జవాబని, ఈ రెండు ప్రశ్నలూ తీసేస్తేగాని ఒప్పుకోననీ గట్టిగా చెప్పింది. శివనాగరాజుకి అన్నగారి తోట మళ్ళీ కనబడింది. అలవాటు కొద్దీ ఆయ్ అన్నాడు.

చివరిదాకా ఒకసారి చూద్దామని ఆవిడ తన పేరుతోనే మళ్ళీ మొదలుపెట్టింది. భోజనం చేస్తారాండీ? వద్దండి. కాస్త మజ్జిగన్నమైనా? వద్దండి. అప్పుడు మూడో మాట వచ్చింది.

"మీరు తినందే సుబ్బాయమ్మగారు తినరండి."

ప్రశాంతి చెయ్యి మీట మీద ఆగిపోయింది. ఇది నిజమేనా అని అడిగింది. నిజమేనండి, ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ తిన్నాకే ఆవిడ తింటారు అన్నాడు శివనాగరాజు. రైలు దిగింది మొదలు ప్రశాంతి కడుపులో కూడా మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. సరేనండి నొక్కింది.

క్యాంటీను నుంచి తిరిగొచ్చేసరికి మొహం తేటపడింది. ఆ రెండు ప్రశ్నల ఊసు మళ్ళీ ఎత్తలేదు. లాప్‌టాప్ మూసి, పెద్దిరాజుగారూ మిగతా అందరూ వింటుండగా, "నాగరాజుగారూ, మీ కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగిద్దామనుకుంటున్నాం. మీకు ఇష్టమేనా?" అంది.

ఈ ఒక్క మాట కోసం అతను నెలరోజులు సరిగా నిద్రపోలేదు. తీరా ఆ మాట వచ్చేసరికి, తల వంచుకుని, ఉగ్గుపాలతో అబ్బిన జవాబే చెప్పాడు.

"అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకులెండి. మీకు శ్రమ."

"సరే, మీ ఇష్టం" అని ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, సంచీ భుజాన వేసుకుంది.

శివనాగరాజు రెండో పిలుపు కోసం తల వంచుకునే నిలబడ్డాడు. తలెత్తేసరికి ఆవిడ మెట్ల దగ్గర ఉంది. ఇంకోసారి అడగండని అతని తరఫున చెప్పడం బాగుండదని పెద్దిరాజుగారు గోడ కేలండరు చూస్తున్నారు. అప్పుడు క్యాంటీను గుమ్మంలోంచి సుబ్బాయమ్మగారు గొంతెత్తారు.

"ఒరే అబ్బాయ్, ఆవిడది పాత డబ్బారా. ఒక్కసారే అడుగుతుంది. పరిగెట్టు."

పరిగెత్తాడు. స్టేషనుకి దింపడానికి వచ్చిన ఆఫీసు జీపు తలుపు దగ్గర ఆవిడని అందుకున్నాడుగాని, ఉద్యోగం ఇమ్మని అడగడానికి నోరెలా వస్తుంది? నిలబడి రొప్పుతున్నాడు. అన్నగారి గొంతు చెవిలో వినబడుతోంది, ఖాళీగానే ఉన్నాడండీ అని.

"మరేంలేదండీ" అన్నాడు చివరికి. "మీరు ఇంకోసారి అడుగుతారేమోనని."

ప్రశాంతి అతని మొహంలోకి చూసింది. పై అంతస్తు కిటికీల్లోంచి తొంగిచూస్తున్న తలల్ని చూసింది. కాసేపటికి సంగతి అర్థమై, నవ్వు ఆపుకుంటూ సంచీ కింద పెట్టింది.

"నాగరాజుగారూ, అలా అంటే ఎలాగండీ? రెండేళ్ళు కాకపోతే కనీసం ఒక్క ఏడాదైనా?"

మర్యాద ప్రకారం దీనికి కూడా వద్దనే అనాలి. అబ్బే అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది కూడా. శివనాగరాజు దాన్ని పళ్ళ మధ్య నొక్కిపట్టాడు.

"ఆయ్, రెండేళ్ళూ చేస్తానండి" అన్నాడు.

పైన కిటికీ దగ్గర పెద్దిరాజుగారు గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలారు. తరవాత పక్కనున్న పోలిరాజు వైపు తిరిగి, "రెండోసారికే ఒప్పేసుకున్నాడయ్యా" అన్నారు నొచ్చుకుంటూ. "ఆవిడ ఏమనుకుందో ఏవిటో."