ఇప్పుడే తిన్నాను

మిషను చక్రాన్ని అరచేత్తో ఆపి, పుల్లక్క దారం కొరికింది. బయట ఎండ మండిపోతున్నా ఒంటిమీద స్వెట్టరు. మణికట్టు ఎముక చర్మాన్ని తోసుకుని బయటికి వచ్చేస్తుందేమో అన్నట్టుంది. అసలు పేరు యజమానికే గుర్తుండాలి. దుకాణంలో అందరికీ ఆమె పుల్లక్కే.

కుడుతున్నది మేనకోడలి పెళ్లిబట్టలు. "అత్తా, ఎవరేమన్నా సరే, నువ్వు నా పక్కనే ఉండాలి" అని నిన్న ఆ పిల్ల ఫోను చేసింది. పొద్దుటినుంచీ పుల్లక్క ఆ మాటనే తల్చుకుంటోంది.

మధ్యాహ్నం మిషన్లు ఆగాయి. ఆడవాళ్లు కింద గుడ్డ పరిచి డబ్బాలు విప్పారు.

"రా అక్కా, ఒక్క ముద్ద," అంది కాజాలు కుట్టే ఆవిడ.

"ఇప్పుడే తిన్నానమ్మా."

"ఎప్పుడు, పోయిన జన్మలోనా?" అన్నాడు కటింగ్ మాస్టరు. అందరూ నవ్వారు. పుల్లక్కా నవ్వింది. కాజాల ఆవిడ నవ్వలేదు గాని, మళ్లీ పిలవనూ లేదు.

పుల్లక్క చిన్నప్పుడు బొద్దుగా ఉండేది. అన్న ఓసారి స్నేహితుల ముందు 'రుబ్బురోలు' అన్నాడు. ఆ పూట కంచం ముందునుంచి లేచిపోయింది. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లే, "ఇప్పుడెంత నాజూగ్గా ఉందో చూడు" అని మురిసిపోయారు. అప్పుడు ఆపిన తిండి, తర్వాత మొదలుపెడదామన్నా గొంతు దిగలేదు. ఎత్తిన ముద్దను తిరిగి కంచంలోనే పెట్టేసేది. పుట్టినరోజైనా పెళ్లయినా చావైనా చివరికి భోజనాల దగ్గరికే వస్తుంది. ఆమె ఒక్కొక్కటీ మానుకుంది. తర్వాత పిలుపులే రావడం మానేశాయి.

సాయంత్రం వదిన వచ్చింది. కుట్లు లాగి చూసి, "చెయ్యి మాత్రం బంగారం" అంది. సంచీలో బట్టలు సర్దుకుని, వెళ్లబోతూ ఆగింది.

"ఏమీ అనుకోకు, పెళ్లికి మాత్రం రాకు. నువ్వు భోజనానికి కూర్చోవు. ఆడబిడ్డ కడుపు మాడ్చారని జనం మమ్మల్నే ఆడిపోసుకుంటారు."

"తింటాను వదినా. అందరితో కూర్చునే తింటాను."

"ఎన్నేళ్లనుంచి వింటున్నామమ్మా ఈ మాట!"

వదిన మెట్లు దిగిపోయింది. పుల్లక్క గోడ పట్టుకుని కాజాల ఆవిడ దగ్గరికి నడిచింది.

"నీ డబ్బాలో ఏమైనా మిగిలిందా?"

ఆవిడ గాభరాగా లేచింది. "అయ్యో, కడిగేశానే! రేపు నీకోసం వేరే డబ్బా తెస్తానక్కా. తప్పకుండా తెస్తా."

"సరే. రేపు."

వెనక్కి వచ్చి మిషను మీద తల ఆనించింది. కునుకు తీస్తోందనుకున్నారు. దీపాలు ఆర్పుతూ మాస్టరు, "పుల్లక్కా, కొట్టు కట్టేస్తున్నాం" అన్నాడు. రెండోసారి పిలిచి భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పెళ్లి ఆగలేదు. వచ్చినవాళ్లందరికీ వదిన, "తినవే తల్లీ అని నెత్తీనోరూ బాదుకున్నాం, విందా?" అని చెప్పుకుంది. కాజాల ఆవిడ చాలా రోజులు ఎవరితోనూ కలిసి తినలేదు.

ఆ మిషను దగ్గర కొత్తగా ఒకావిడ పనికి చేరింది. కూర్చోబోతూ కుర్చీ మీది దిండు చేతిలోకి తీసుకుంది. ఎముకలు ఒత్తుకోకుండా పుల్లక్క ఎప్పుడో గుడ్డముక్కలు కూరి కుట్టుకున్నది. రంగు వెలిసింది, అంచులు చిరిగాయి. మనిషి కూర్చున్న గుంట మాత్రం ఎక్కడా పడలేదు.