పుదీనా డబ్బాలో ఊపిరి

అన్నం తిని నడుం వాల్చగానే గట్టయ్య ఊపిరి కిటికీలోంచి బయటికి పోయి, గోడ అవతలి బాగీచాలో కానుగ చెట్టెక్కి కూర్చునేది. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేది. అందాకా ఆయన మంచం మీద చల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా పడుండేవాడు. నాంపల్లి టేషన్ వెనక గల్లీలో ఇదేం వింత కాదు. నీళ్ల బిందెతో పోతూ పోతూ పక్కింటి సౌభాగ్య తొంగి చూసేది.

"ముసలాయన ఊపిరి ఇంకా దిగలేదా, అవ్వా?"

"ఇంకెక్కడ! జర చల్లబడనీ, అదే వస్తది," అనేది ఆయన భార్య వీరమ్మ, బియ్యంలో రాళ్లేరుకుంటూ.

గట్టయ్య వయసంతా టేషన్లో మూటలు మోసిన మనిషి. పోలీస్ యాక్షన్ అయిన ఏడు దవాఖానలో డాక్టరు ఆయన ఛాతీ తట్టి చూసి, ఈ వానకాలం గడిస్తే గొప్పే అన్నాడు. ఆ తర్వాత ఎన్ని వానకాలాలు వచ్చిపోయాయో! బాగీచా వైపు కిటికీ ఉన్న ముసలోళ్లందరూ అంతే, ఊపిరి రోజూ చెట్ల మీద సేదతీరి వచ్చేసరికి చావు సంగతే మరిచిపోయారు. ఎదురు వరసలో ఇనుప గోదాము వైపు ఉన్నవాళ్లేమో మనవల పెళ్లిళ్లు చూడకుండానే పోయేవారు. కప్పు కురుస్తున్నా వీరమ్మ ఆ గది వదలనిది అందుకే.

ఒకరోజు పొద్దున సౌభాగ్య పరుగున వచ్చింది.

"అవ్వా, బాగీచాను ఉస్మాన్‌గంజ్ సేటు కొన్నడంట. గోదాము కడతడంట. బిచ్చయ్య ఇయ్యాల వచ్చి కానుగ చెట్టుకు చెప్పిపోతడంట, రేపు కొడతడంట."

వీరమ్మ చేతిలో చాట జారి బియ్యమంతా నేలపాలైంది.

చెట్లు కొట్టే బిచ్చయ్య పాతకాలం మనిషి. చెప్పకుండా గొడ్డలి పెట్టడు. ముందునాడే చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, పైనున్న జీవాలన్నీ దిగి వేరే తావు చూసుకోమని దండం పెడతాడు. ఆ మాట విన్నాక పిట్టయినా, ఉడతయినా ఆ చెట్టు మీద నిలవదు. పిట్టలకేం, ఊరంతా చెట్లే. గట్టయ్య ఊపిరికి తెలిసిన చెట్టు అదొక్కటే! తెలియని చోటికి పోయి దారి తప్పితే?

ఆయనకు అన్నం పెట్టాలన్నా వీరమ్మకు భయమే, తింటే నిద్రొస్తుంది. ఆకలన్నాక పెట్టక తప్పలేదు.

"ఇయ్యాల పండకయ్యా, నీ కాళ్లు మొక్కుత."

"ఏందే నీ ఫికర్? తిన్నంక పండకుంటే ఎట్ల?" అంటూనే గట్టయ్య గురక తీశాడు.

ఆమె గభాలున లేచి, కిటికీలో పుదీనా పెంచే డబ్బాను బయటి అంచుకు నెట్టి రెక్కలు మూసేసింది. సందుల్లో పాత చీర పీలికలు కుక్కింది. వాకిలికి గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

ఊపిరి లేచింది. దారి దొరకలేదు. గదంతా తిరిగింది. కుండల మీద మూతలు గలగలలాడాయి, దీపపు గూట్లోంచి మసి రాలింది. మంచం మీద గట్టయ్య పెదవులు నల్లబడ్డాయి. ఆ వెనకే గోళ్లు. కాపాడబోయి చంపుతున్ననా, దేవుడా! వీరమ్మ పీలికలు పీకి పారేసి కిటికీ తెరిచింది. ఊపిరి ఆమె చెంపను రాసుకుంటూ దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల బిచ్చయ్య గొంతు లేచింది.

"చెట్టు మీదున్న జీవులారా, రేపు గొడ్డలి పెడుతున్నం. కోపం చెయ్యకుండ్రి. దిగి వేరే తావు చూస్కోండ్రి!"

కాకులూ చిలకలూ ఒక్కసారే లేచి అబిడ్స్ వైపు పోయాయి.

పొద్దుగూకింది. ఊపిరి రాలేదు. ఇళ్లల్లో దీపాలు పెట్టారు. అయినా రాలేదు. సౌభాగ్య వచ్చి గట్టయ్య పాదాలు ముట్టి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్వా, మీ వాళ్లకు కబురు చేద్దామా?"

"నోరు ముయ్యి!" అని అరిచింది వీరమ్మ. ఆ వెంటనే ఏడ్చింది. "నేనే బెదరగొట్టిన. ఇగ ఈ ఇంటికేం వస్తది?"

బయటికి తొంగి పిలవబోతే చేతికి పుదీనా డబ్బా తగిలింది. గాలి లేదు. అయినా కొమ్మలన్నీ బరువుకు వంగి మట్టిని తాకుతున్నాయి. వాసన చూస్తే పుదీనా కాదు, గట్టయ్య తాగే బీడీ! వేరే చెట్టు తెలియని ఊపిరి కిటికీ ముందు కనబడ్డ పచ్చదనంలోనే నక్కింది, పిచ్చిది.

వీరమ్మ ఆ డబ్బాను తెచ్చి గట్టయ్య రొమ్ము మీద పెట్టింది. చాలాసేపటికి ఆయన దగ్గాడు.

"ఏమే, పుదీనా చట్నీ నూరినవా?" అన్నాడు సన్నటి గొంతుతో. ఊపిరి ఒంట్లోకి దిగింది గానీ, ఆకుల్ని పూర్తిగా వదల్లేదు.

తెల్లారేసరికి పుదీనా ఆకుల అంచులు మాడిపోయాయి. అంత మనిషి ఊపిరిని గుప్పెడు ఆకు ఎన్నాళ్లు మోస్తుంది? గొడ్డలి దెబ్బ వినబడకముందే వీరమ్మ డబ్బాను చంకనెత్తుకుని, గట్టయ్య చెయ్యి పట్టుకుని పబ్లిక్ గార్డెన్‌కు బయలుదేరింది. ఆయన ఎక్కడ ఆగినా ఆమె గుండె ఆగినంత పనయ్యేది.

గేటు దగ్గర మాలి అడ్డమొచ్చాడు.

"డబ్బాల ఏందవ్వా?"

"మా ఇంటాయన ఊపిరి. చెట్టు కోసం వచ్చినం."

"గట్లనా? పోండ్రి. గా మూలకు చింతచెట్టు మీద జాగ ఉన్నది," అని మాలి పక్కకు జరిగాడు.

ఆ తర్వాత కూడా గట్టయ్య చాలా వానకాలాలు చూశాడు. రోజూ ఆ చింతచెట్టు కిందే పడుకునేవాడు. వీరమ్మ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని, కొమ్మల వైపే చూస్తూ కూర్చునేది. ఆ భయం ఆమెను మళ్లీ వదల్లేదు. సాయంత్రం గేటు మూసే గంట కొట్టేవారు. పైన ఒక కొమ్మ కదిలేది. "లే, ఇంటికి పోదం, ఆకలైతుంది," అనేవాడు గట్టయ్య కళ్లు తెరవకుండానే. అప్పుడుగానీ వీరమ్మకు ఊపిరి ఆడేది కాదు.